తిరుపతి రేసింగ్ జట్టుకు యాభై ఏళ్ళ కల్పిత చరిత్ర: ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నవల కోసం తిరుపతిలో పుట్టిన ఒక మోటార్ రేసింగ్ జట్టును కల్పిస్తున్నారు. 1971లో లారీ షెడ్డులో మొదలు. యజమాని కొడుకు తిరుమల ఘాట్ రోడ్డు మీద సాధన చేస్తాడు. 1975లో మద్రాసు దగ్గరి షోలవరం ట్రాక్‌లో గెలుపు, 1988లో సొంత కారుతో ఫార్ములా వన్, 1994లో ఒక గ్రాండ్ ప్రి విజయం, తర్వాత పతనం. ఇప్పుడు మనవరాలు షెడ్డు తలుపులు మళ్ళీ తెరుస్తుంది. రేసింగ్ తెలిసినవాళ్ళు నవ్వకుండా ఉండాలంటే ఇందులో ఏం మార్చాలి?

నేరుగా చెప్తాను. 1971, లారీ షెడ్డు, షోలవరం ఉంచండి. ఘాట్ రోడ్డు తీసేయండి. 1988 ఫార్ములా వన్ కూడా తీసేయండి, అది కష్టమని కాదు, అసలు జరగదు కాబట్టి. దాంతోపాటే 1994 గెలుపూ పోతుంది. మీ జట్టు పచ్చగా ఉన్న రోజులు 1990ల్లో, దేశంలో జరిగే సింగిల్ సీటర్ (ఒక్కరే కూర్చునే రేసు కారు) రేసుల్లో పెట్టుకోండి. ఫార్ములా వన్ లేకుంటే నవల నిలవదనుకుంటే 2007 తర్వాత, అప్పటికే నడుస్తున్న జట్టులో వాటా కొనే దారిలో రండి.

అన్నిటికంటే ముఖ్యం: జట్టు చరిత్రను గెలుపుల వరసగా రాయకండి. ఇంజన్ మారిన చోట, ట్రాక్ మారిన చోట, డబ్బిచ్చే మనిషి మారిన చోట అధ్యాయం విరవండి. రేసింగ్ జట్లు ఓడిపోయి మూతపడవు. వాడుతున్న ఇంజనుకు విడిభాగాలు దొరక్కపోతేనో, ఇచ్చే చెయ్యి వెనక్కి పోతేనో మూతపడతాయి. పెద్ద జట్లకూ ఇదే దారి. 1991లో జోర్డాన్ పేరుతో వచ్చిన జట్టు 2006లో మిడ్‌ల్యాండ్, 2007లో స్పైకర్, 2008లో ఫోర్స్ ఇండియా, 2018 నడిమధ్యలో రేసింగ్ పాయింట్, 2021లో ఆస్టన్ మార్టిన్ అయింది. ఇన్ని పేర్లు మారినా మకాం మాత్రం సిల్వర్‌స్టోన్ ట్రాక్ ఎదురుగానే. 1997లో స్టీవర్ట్ పేరుతో దిగిన జట్టు 2000లో జాగ్వార్, 2005లో రెడ్ బుల్. మీ తిరుపతి జట్టుకు కూడా యాభై ఏళ్ళలో కనీసం మూడు పేర్లు మారాలి. ఒకే పేరుతో, ఒకే కుటుంబం చేతిలో యాభై ఏళ్ళు నడిచిందంటే నమ్మబుద్ధి కాదు.

ఊరు సరిగ్గానే ఎంచుకున్నారు, కారణం మాత్రం రాయలేదు. షోలవరం రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే. మద్రాసుకు ఉత్తరాన జీఎన్‌టీ (గ్రాండ్ నార్తర్న్ ట్రంక్) రోడ్డు పక్కన ఉంటుంది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడే రేసులు నడిపింది. తిరుపతి నుంచి పోయేవాళ్ళకు మద్రాసు ఊళ్ళోకి దిగే పనే లేదు. పుత్తూరు, నారాయణవనం, నాగలాపురం, ఊత్తుకోట, పెరియపాళెం మీదుగా జనప్పన్‌సత్రం కూడలిలో జీఎన్‌టీ రోడ్డు ఎక్కితే షోలవరం పక్కనే. వంద కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. రాత్రి రెండింటికి లారీ కదిలితే తెల్లారేసరికి ట్రాక్ దగ్గర ఉండొచ్చు. బొంబాయి, కలకత్తా జట్లు రైలు వ్యాగన్లో కారు పంపించి వారం ముందే వచ్చి పడి ఉండాల్సిన చోటికి మీవాళ్ళు ఒక్క రాత్రిలో పోగలరు. ఈ ఒక్క లాభంతోనే చిన్న షెడ్డు పెద్ద ఇళ్ళ పిల్లలతో పోటీపడిందని నమ్మించొచ్చు. పాత సామాన్లకు పుదుపేట, కొత్తవాటికి మౌంట్ రోడ్డు దగ్గరి జనరల్ ప్యాటర్స్ రోడ్డు. ఈ రెండు పేర్లు మీ మెకానిక్ నోట తరచూ రావాలి. 1996కు ముందు ఎవరి నోటా చెన్నై రాకూడదు. నిజానికి తిరుపతిలో చాలామంది ఇప్పటికీ మద్రాసే అంటారు.

పనివాళ్ళు ఎక్కడినుంచి వచ్చారో కూడా చెప్పండి. లారీ షెడ్డులో లేత్ మేస్త్రీ, గ్యాస్ వెల్డింగ్ చేసేవాడు, టింకరింగ్ చేసేవాడు ఎలాగూ ఉంటారు. చుట్టుపక్కల ఫ్యాక్టరీ ఫిట్టరో, రేణిగుంట రైల్వే పనివాడో సాయంత్రాలు వచ్చి చెయ్యి వేస్తాడు. లెక్కలు వేసేవాడు కావాలంటే ఎస్వీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ కాలేజీ 1959 నుంచే ఉంది.

నన్నడిగితే వ్యవస్థాపకుణ్ణి చిత్తూరు నుంచి తెప్పిస్తాను. అప్పటి బెంగళూరు–మద్రాసు జాతీయ రహదారి పలమనేరు, మొగిలి ఘాట్, చిత్తూరు మీదుగానే పోయేది. లోడు లారీలు మొగిలి ఘాట్ దిగి వచ్చేసరికి బ్రేక్ డ్రమ్ములు కాలి వాసన కొడుతుంటాయి. లైనర్లు (డ్రమ్ములో రాసుకునే బ్రేకు పట్టీలు) మార్చడం చిత్తూరు షెడ్లకు రోజువారీ పని. షోలవరంలో డ్రమ్ బ్రేకుల కార్లకు వచ్చే పెద్ద జబ్బు కూడా వేడే. కాబట్టి ఆ మేస్త్రీకి రేసింగ్ గురించి ఏమీ తెలియకపోయినా, రేసులో ఓడించే ఒక సమస్య గురించి ఎవరికీ తెలియనంత తెలుసు. యజమాని కొడుకు పుట్టుకతో గొప్ప డ్రైవరని రాసేకన్నా ఇది గట్టి పునాది.

ఘాట్ రోడ్డు ఎందుకు వద్దంటే. మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. అంటే మీ 1971లో ఎక్కే బస్సులూ దిగే బస్సులూ ఒకే రోడ్డు మీద. ఆ రోడ్డు మీద రేసు సాధన అంటే తిరుపతి పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు, భక్తి వల్ల కొంత, బుద్ధి వల్ల కొంత. తర్వాతి కాలానికీ కుదరదు. అలిపిరి దగ్గర టైము వేసిచ్చిన చీటీ ప్రకారం పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలకన్నా ముందు చేరితే జరిమానా. వేగంగా పోవడం అసలు లెక్కకే రాదు. బదులుగా ఎండిన చెరువు పెట్టండి. మే నెలలో నీళ్ళింకిపోయిన చెరువులో నాలుగు డ్రమ్ములు నిలబెట్టి వాటి చుట్టూ తిప్పితే, వెనక చక్రాలు జారినప్పుడు స్టీరింగ్ ఎట్లా పట్టాలో చేతికి అలవాటవుతుంది. తారు రోడ్డు మీద వంద కిలోమీటర్ల వేగంలో నేర్చుకోవాల్సింది చెరువులో ముప్పైలోనే నేర్చుకోవచ్చు, టైర్లూ మిగులుతాయి.

ఇక 1971 నాటి కారు. ఫియట్ 1100 తీసుకోవచ్చు, కానీ నా సలహా స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి మద్రాసులోనే తయారైంది. 948 సీసీ ఇంజన్. బాడీ వేరు, ఛాసిస్ వేరు. బోల్టులు విప్పి బాడీ పక్కన పెడితే ఛాసిస్ మీద ఇంజనూ చక్రాలూ మిగులుతాయి, దానిమీద అల్యూమినియం రేకుతో సొంత బాడీ కట్టుకోవచ్చు. ఫియట్‌కు ఈ వెసులుబాటు లేదు, బాడీయే దాని బలం. హెరాల్డ్‌కు ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ ఉండటం ఇంకో మేలు.

దాన్ని రేసుకు సిద్ధం చేసే వరస ఇట్లా ఉంటుంది. బాడీ, సీట్లు, వెనక గ్లాసు తీసి బరువు దించుతారు. సిలిండర్ హెడ్ విప్పి మద్రాసులో ప్లేనింగ్‌కు, అంటే కంప్రెషన్ పెరిగేలా అడుగు చెక్కడానికి ఇస్తారు, 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల దాకా. ఇక్కడే మొదటి పొరపాటుకు చోటుంది. హెడ్ కిందికి దిగింది గనక పుష్ రాడ్లు (వాల్వులను కదిలించే కడ్డీలు) ఆ మేరకు పొడవైపోయినట్టే. వాటి పైనుండే రాకర్ స్టాండ్ కింద అంత మందం షిమ్ములు (సన్న రేకులు) వేయకపోతే వాల్వులు పూర్తిగా మూసుకోవు, ఇంజన్ స్టార్టవుతుంది కానీ లాగదు. ఇంకా ఆశపడి ఎక్కువ చెక్కిస్తే బంకులో దొరికే 93 ఆక్టేన్ పెట్రోలుకు ఇంజన్ తట్టుకోలేక నాకింగ్ మొదలవుతుంది. ముందు హెడ్ గ్యాస్‌కెట్ రెండు సిలిండర్ల నడుమ తెగుతుంది, ఆనక పిస్టన్ నెత్తిమీద బొక్క పడుతుంది.

తర్వాత సంప్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి. రోడ్డు మీద ఎప్పుడూ రాని ఇబ్బంది రన్‌వే మలుపులో వస్తుంది. కారు చాలాసేపు ఒకే వైపుకు తిరుగుతుంటే ఆయిలంతా సంప్‌లో ఒక మూలకు పోతుంది, పంపు గాలి పీలుస్తుంది, బిగ్ ఎండ్ బేరింగ్ కొట్టడం మొదలెడుతుంది. సంప్ విప్పి లోపల అడ్డంగా రేకులు వెల్డింగ్ చేయడమే దీనికి మందు. మీ జట్టు మొదటి రేసులో ఓడిపోవడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు. డ్రైవర్ తప్పు లేదు, విలన్ కుట్ర లేదు, రేకు లేదు అంతే. రెండో రేసుకు రేకు ఉంటుంది, అప్పుడు బ్రేకులు పోతాయి. మూడో రేసుకు మొగిలి ఘాట్ మేస్త్రీ బ్రేక్ ప్లేట్లకు గాలి దూరేలా రంధ్రాలు వేసి, లారీ లైనర్ సరుకులో గట్టిది చూసి వేస్తాడు. ఇట్లా ఒక్కో రేసుకు ఒక్కో జబ్బు తీరుతూ పోతే 1975 నాటికి గెలుపు దానంతటదే వస్తుంది.

హెరాల్డ్‌కు ఒక ప్రాణాంతకమైన గుణం ఉంది, దాన్ని మరవకండి. వెనక స్వింగ్ యాక్సిల్, అంటే చక్రం యాక్సిల్‌తో పాటే ఊగి వాలిపోయే అమరిక. మలుపు మధ్యలో డ్రైవర్ భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే కారు వెనక భాగం పైకి లేస్తుంది, చక్రం అడుగు లోపలికి మడుచుకుపోతుంది, కారు గిర్రున తిరుగుతుంది, ఒక్కోసారి బోల్తా. వెనక కమాను కట్టను (లీఫ్ స్ప్రింగు) కిందికి దించి చక్రాల పైభాగం ముందే కాస్త లోపలికి వాలి ఉండేలా చేస్తే చాలావరకు తగ్గుతుంది. నవలలో ప్రమాదం కావాలంటే బ్రేకులు కోసేసిన సినిమా దృశ్యం వద్దు, ఇది వాడండి.

లారీలో ఏం తీసుకుపోతారో కూడా పాఠకుడికి చూపించండి: రెండు హెడ్ గ్యాస్‌కెట్లు, బిగ్ ఎండ్ బేరింగ్ సెట్టు, క్లచ్ ప్లేటు, ప్లగ్గులు రెండు సెట్లు, కాంటాక్ట్ పాయింట్లు, కండెన్సర్, ఫ్యాన్ బెల్టు, ఇరవై లీటర్ల జెర్రీ క్యాన్లు నాలుగు, చింతపండు పులిహోర ఒక డేగిసా. మనుషులు నలుగురైదుగురు. అంతకన్నా మంది ఉంటే 1970ల జట్టులా ఉండదు.

1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధర ఒక్కసారిగా పెరిగింది. లారీల యజమానికి అది దెబ్బ మీద దెబ్బ. రేసు కారుకు పోసే పెట్రోలు ఇంట్లో గొడవ అవుతుంది. ఆ ఏడాది మీ జట్టు ఖాళీగా ఉండాలి.

మొదటి విరుపు 1983 దగ్గర. హెరాల్డ్ తర్వాత వచ్చిన గెజెల్ 1977లోనే ఆగిపోయింది. 1980లు వచ్చేసరికి విడిభాగాలకు పుదుపేట పాతసామాన్లే గతి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది: 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందు చక్రాల డ్రైవ్. పదేళ్ళుగా వెనక చక్రాల కార్లతో సంపాదించిన తెలివంతా ఒక్కసారిగా పాతబడింది. పుష్ రాడ్లు లేవు, టైమింగ్ బెల్టు ఉంది. మీ పాత మేస్త్రీ ఈ ఇంజన్ ముందు కూర్చుని ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియక కాసేపు చూస్తూ ఉండిపోవాలి.

ఈ నాలుగైదేళ్ళు జట్టును బతికించేవి బైకులు. 1983లో రాజ్‌దూత్ 350, 1985లో యమహా ఆర్ఎక్స్ 100. ఆర్ఎక్స్ 100ది 98 సీసీ టూ స్ట్రోక్. దాన్ని వేగం చేయడానికి పెద్ద వర్క్‌షాపు అక్కర్లేదు, చేతిలో ఫైలు, ఓపిక ఉంటే చాలు. ఎగ్జాస్ట్ పోర్టును ఒక మిల్లీమీటరు పైకి తీస్తే పైవేగంలో పవర్ పెరుగుతుంది, కింద పికప్ తగ్గుతుంది. దానికి తగ్గ ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ (మధ్యలో ఉబ్బి ఉండే) సైలెన్సర్ రేకు చుట్టి వెల్డింగ్ చేస్తారు. ఆయిల్ పంపు తీసేసి లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ కలుపుతారు. ఎక్కువమంది దెబ్బతినేది కార్బురేటర్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) దగ్గర. మధ్యాహ్నం ఎండలో సరిగ్గా సెట్ చేసుకున్న బండిని మర్నాడు చల్లటి పొద్దున తీస్తే గాలి చిక్కబడి ఉంటుంది, పెట్రోలు చాలదు, నాలుగో ల్యాపులో పిస్టన్ సీజ్ అయి వెనక చక్రం లాక్ అవుతుంది. అందుకే తెలిసినవాడు పొద్దున ఒక సైజు పెద్ద జెట్ వేస్తాడు. ఫుల్ థ్రాటిల్‌లో పోతూ క్లచ్ పట్టి, కిల్ స్విచ్ నొక్కి, బండి ఆపి ప్లగ్ విప్పి చూస్తాడు. చాక్లెట్ రంగు ఉంటే సరి. తెల్లగా ఉంటే ఆ బండిని రేసుకు పంపకూడదు.

ఇదే కాలంలో మీ జట్టుకు పెద్ద నష్టం ఒకటి రాయొచ్చు. హోసూరులో టీవీఎస్ ఫ్యాక్టరీ జట్టు 1982లోనే మొదలైంది. కుప్పం దాటితే ఎంతో దూరం లేదు. మీ షెడ్డులో పోర్టులు చెక్కే కుర్రాడికి అక్కడ నెల జీతం, పీఎఫ్ ఉన్న ఉద్యోగం వస్తుంది. వాడు పోతాడు, పోవాలి కూడా. ఇందులో ద్రోహం ఏమీ లేదు, చిన్న జట్లు ఇట్లానే పలచబడతాయి.

రెండో విరుపు 1990. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో కట్టిన ట్రాక్ తెరుచుకుంది. రన్‌వే కాలం ముగిసింది. తిరుపతికి షోలవరంతో ఉన్న దగ్గరి చుట్టరికం తెగిపోయింది, ఇప్పుడు చిత్తూరు నుంచే సులువు: రాణిపేట, కాంచీపురం పక్కనుంచి నేరుగా హైవే. మీ జట్టు షెడ్డును తిరుపతి నుంచి చిత్తూరుకు మార్చడానికి ఇంతకన్నా సహజమైన సందర్భం ఉండదు.

ఇదే మీ జట్టు పచ్చగా ఉండే కాలం. కోయంబత్తూరు కరివర్ధన్ 1980ల చివర్లో రూపొందించిన ఫార్ములా మారుతి కార్లు అందరికీ ఒకే అవకాశం ఇచ్చాయి. మారుతి 800 ఇంజనూ గేర్‌బాక్సూ కలిపి ఒకే ముద్దగా తీసి డ్రైవర్ వెనక బిగిస్తారు. ముందు చక్రాలను తిప్పినది ఇప్పుడు వెనక చక్రాలను తిప్పుతుంది. చుట్టూ పైపులతో కట్టిన ఫ్రేము. డబ్బున్నవాడికీ లేనివాడికీ అదే 796 సీసీ గనక గెలుపు సెట్టింగులో ఉంటుంది, అక్కడే మీ మేస్త్రీ బుర్ర పనికొస్తుంది.

ఈ కార్లకు తరచూ వచ్చే ఇబ్బందులు రెండు. గేర్ రాడ్ డ్రైవర్ పక్కనుంచి ఇంజన్ వెనక్కు పోవాలి. మధ్యలో ఉన్న జాయింట్లలో కాస్త లూజు వచ్చినా మూడో గేరు అనుకుని వేసింది ఒకటిలో పడుతుంది, ఇంజన్ గింగిరాలెత్తి వాల్వులు వంగుతాయి. ప్రతి సెషన్ తర్వాతా జాయింట్లు ఊపి చూడటం హెల్పర్ పని, మర్చిపోయినవాడికి తిట్లు. రెండోది గాలి బుడగ. ఇంజన్‌కూ రేడియేటర్‌కూ నడుమ పొడవాటి నీళ్ళ పైపులు. వాటిలో గాలి నిలిస్తే టెంపరేచర్ ముల్లు సగంలోనే ఉంటుంది కానీ హెడ్ కాలిపోతుంటుంది. హెడ్ అల్యూమినియం, వంకరపోయిందంటే ఆ రోజుకు ఇంటికే. నీళ్ళు పోసేటప్పుడు కారు ముక్కును జాకీతో పైకెత్తి, పైనున్న బ్లీడ్ స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా పోయాలి.

ల్యాప్ టైములు రాసేముందు భాగహారం చేయండి. ఆ ట్రాక్ సుమారు 3.7 కిలోమీటర్లు. రెండు నిమిషాల ల్యాపు అంటే సగటు గంటకు 111 కిలోమీటర్లు. నిమిషం 45 సెకన్లంటే 127. నిమిషంన్నర అని రాశారంటే 148, అన్ని మెలికలున్న చోట 800 ఇంజనుతో అది జరిగే పని కాదు. ఇంకో మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాలు. నవంబరు రేసు రాస్తే వాన టైర్ల ప్రస్తావన లేకుండా ముగించకండి. చిన్న జట్టుకు వాన టైర్లు ఉండవు, ఆ ఒక్క రోజు వాళ్ళు వెనకబడతారు, లేదా అందరికీ లేవు గనక చెరువులో నేర్చిన చేతులు ముందుకొస్తాయి. మీ ఇష్టం.

ఇప్పుడు ఫార్ములా వన్ సంగతి. 1988 ఎందుకు కాదో మొదట చట్టం చెప్తుంది. 1973 నాటి ఫెరా చట్టం 2000 దాకా అమల్లో ఉంది. విదేశీ మారకం ఖర్చు పెట్టాలంటే రిజర్వ్ బ్యాంకు అనుమతి. తిరుపతి జట్టు ఇంగ్లండులో కాస్‌వర్త్ ఇంజన్లు కొంటుందంటే అప్పుడు కాగితాలే కదలవు. చట్టం పక్కన పెట్టినా రంగం మరీ ఇరుకు: 1989లో 20 జట్లు, 39 కార్లు, రేసులో నిలబడేది 26. మిగతావాళ్ళలో ఎక్కువమంది శుక్రవారం పొద్దునే, ప్రీ క్వాలిఫయింగ్ అనే మొదటి వడపోతలోనే మూటలు సర్దుకునేవాళ్ళు. ఇక మీ 1994 గెలుపు: ఆ ఏడాది 16 రేసుల్లో షూమాకర్ 8, డేమన్ హిల్ 6, బెర్గర్ 1, మాన్సెల్ 1. నిజంగా జరిగిన ఫలితాన్ని ఎవరి చేతిలోంచి లాక్కున్నా అభిమానులు ఊరుకోరు.

కొత్త జట్టు ఎంత దూరం పోగలదో తెలియాలంటే 2010లో వచ్చిన మూడు జట్లను చూడండి. హిస్పానియా 2012తో మూతపడింది. లోటస్ పేరుతో వచ్చి క్యాటర్‌హామ్ అయినది 2014తో. వర్జిన్ పేరుతో వచ్చి మారుస్సియా, మేనర్ అయినది 2017 ఆరంభంలో. మూడింటికీ కలిపి వచ్చిన పాయింట్లు మూడే: 2014 మొనాకోలో బియాంకి తెచ్చిన రెండు, 2016 ఆస్ట్రియాలో వెర్లైన్ తెచ్చిన ఒకటి. వాళ్ళ వెనక ఉన్న డబ్బు మీ లారీ యజమాని ఊహకు కూడా అందదు.

డ్రైవర్ మార్గం మాత్రం తెరిచే ఉంది. ఫార్ములా వన్‌లో మన మొదటి డ్రైవర్ నరేన్ కార్తికేయన్ 1993లో ఇదే శ్రీపెరంబుదూరులో ఫార్ములా మారుతి నడిపి, 2005లో జోర్డాన్ కారులో కూర్చున్నాడు. నడుమ పన్నెండేళ్ళు, ఎన్నో ఫార్ములాలు, ఎంతో మంది స్పాన్సర్లు. మీ జట్టు ఒక కుర్రాణ్ణి తయారుచేసి ఇంగ్లండుకు పంపిందనీ, అతను ఫార్ములా వన్‌కు కింది మెట్లలో ఒకటైన ఫార్ములా త్రీ దాకా పోయి డబ్బులు అయిపోయి తిరిగొచ్చాడనీ రాయండి. ప్రతి పాఠకుడూ నమ్ముతాడు, ఎందుకంటే అట్లా తిరిగొచ్చినవాళ్ళే ఎక్కువ.

అయినా ఫార్ములా వన్ కావాలంటే ఒకే మార్గం. 2007లో స్పైకర్ జట్టును 8.8 కోట్ల యూరోలకు కొని ఫోర్స్ ఇండియా చేశారు. 2011లో అందులో 42.5 శాతం వాటా 10 కోట్ల డాలర్లకు చేతులు మారింది. 2018 జులైలో జట్టు దివాలా ప్రక్రియలోకి పోయింది. పదేళ్ళకు పైగా నడిచినా గెలుపు ఒక్కటీ లేదు, ఒక పోల్ (అందరికన్నా ముందు నిలబడి స్టార్టు), ఆరు పోడియంలు (మొదటి మూడు స్థానాలు). మీ కల్పిత జట్టును ఇట్లాంటి వాటాదారుగా పెట్టి, పాయింట్లు దక్కని స్థానాల్లో ముగించండి. 2003కు ముందు పాయింట్లు ఆరో స్థానం దాకే, 2003 నుంచి 2009 దాకా ఎనిమిది, 2010 నుంచి పది. ఆ గీత కింద మీ కారు ఎక్కడున్నా నిజమైన పట్టికలో ఒక్క అంకె కూడా కదలదు. దేశవాళీ రేసులకూ ఇదే పద్ధతి. జాతీయ ఛాంపియన్ పట్టం నిజంగా ఒకరి పేరు మీద ఉంటుంది, దాని జోలికి పోకండి. ఒక రోజు రేసులు, క్లాసు గెలుపులు మీకు చాలు.

డబ్బు ఎవరిదో తేలకపోతే మిగతా ఏదీ నిలవదు. తిరుపతి లాడ్జి యజమానికి రోజూ చిల్లర వస్తుంది, కానీ బ్రహ్మోత్సవాల నెలలో అతను గానీ అతని లారీలు గానీ కదలవు, సరిగ్గా అప్పుడే రేసు పడితే జట్టు పోదు. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అతనికి డబ్బు ఏడాదికొకసారే, కాయ కాలం అయ్యాక. కాబట్టి జూన్ రేసుకు పాత టైర్లు, ఆగస్టుకు కొత్త టైర్లు. గ్రానైట్ వ్యాపారికి ఎగుమతి బాగున్న ఏడాది రెండు కార్లు, లేని ఏడాది సున్నా. ఈ ముగ్గురినీ వరసగా పెడితే మీ జట్టుకు మూడు పేర్లు, మూడు రంగులు వచ్చేస్తాయి. సిగరెట్ కంపెనీ బొమ్మలు 2003 చట్టం దాకానే. తర్వాతి ఫోటోల్లో కనబడకూడదు.

చిన్న తప్పులు కొన్ని, ఇవే ఎక్కువ పరువు తీస్తాయి. 1971 నాటి ఈనాడు కటింగ్ పెట్టకండి, ఆ పత్రిక 1974 ఆగస్టులో విశాఖలో పుట్టింది. జట్టు లెటర్‌హెడ్ మీద 2022 ఏప్రిల్ దాకా చిత్తూరు జిల్లానే, తిరుపతి జిల్లా అప్పుడే ఏర్పడింది. 1990ల లారీకి ఏపీ 03 నంబరు. విజయదశమికి ముందు ఆయుధ పూజ నాడు షెడ్డులో ఎవడూ స్పానర్ ముట్టడు, ఆ రోజు ఇంజన్ దించినట్టు రాయకండి. పిల్లలు మేస్త్రీని పేరుపెట్టి పిలవరు, 'అన్నా' అనో 'మేస్త్రీ' అనో అంటారు. ఆయన కోపం వస్తే 'ఏందప్పా ఇది' అంటాడు, మరీ వస్తే అరవంలోకి దిగుతాడు. సరిహద్దు షెడ్లలో రెండు భాషలూ కలిసే ఉంటాయి.

పది రేసులు దిగితే మూడు చోట్ల బండి మధ్యలో ఆగాలి, నాలుగు చోట్ల గుంపులో ముగియాలి, రెండు సార్లు పోడియం, ఒక్క గెలుపు. ఇది నేను పెట్టిన లెక్క. చిన్న జట్టుకు ఇది కూడా దండిగానే ఇచ్చినట్టు.

మనవరాలి అధ్యాయానికి ఇప్పటి కాలం అనుకూలంగానే ఉంది. కరెంటు కార్ల రేసు ఫార్ములా ఈ మొదలైన 2014 నుంచీ మహీంద్రా జట్టు అందులో ఉంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఆ రేసు జరిగింది. 2024లో చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రి రేసు. ఆమె సొంత కారు కట్టనక్కర్లేదు. కొత్త డ్రైవర్ల తొలి మెట్టు ఫార్ములా ఫోర్‌లో అందరికీ ఒకే కారు, ఆమె చేయాల్సింది డేటా చూడటం, టైర్ ప్రెషర్లు పెట్టడం, డ్రైవర్‌కు స్పాన్సర్ వెతకడం. తాత షెడ్డులోని లేత్ మెషిన్ ఈ పనిలో దేనికీ పనికిరాదు. ఆమె దాన్ని అమ్ముతుందా, ఉంచుతుందా అన్నది మీరు తేల్చుకోవాలి. అమ్మితే పాత ఇనుము ధర వస్తుంది, కిలోల లెక్కన.

1975 గెలుపు అధ్యాయం రాశాక గేర్లు, బ్రేకులు, ల్యాపు టైములు ఉన్న పేరాలు ఇక్కడ పెట్టండి. ఏ బండి, ఎన్ని ల్యాపులు అన్నది కూడా రాస్తే ఎక్కడ ఏది తెగాలో లెక్కవేసి చెప్తాను.